తోటలో చిట్టెలుకలు: గీత ఎక్కడ గీయాలి?

విత్తిన మర్నాడు చిక్కుడు మడిలో వరసగా చిన్న గుంటలు, పక్కనే విత్తనాల పొట్టు కనబడితే ఎవరికైనా ముందు మందు పెట్టేయాలనే అనిపిస్తుంది. మందు పెట్టాక కొన్నాళ్లు మడి జోలికి ఏదీ రాదు. నెలా రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ అవే గుంటలు. మందు నాసిరకమని, మోతాదు చాలలేదని అనుకుని ఇంకా గట్టిది తెస్తారు. అసలు పొరపాటు లెక్కలో ఉంది. ఒక తోటలో ఎన్ని చిట్టెలుకలు ఉంటాయన్నది మనం చంపిన సంఖ్యను బట్టి కాక, అక్కడ దొరికే తిండి ఎంత, దాక్కోవడానికి చాటు ఎంత అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ రెండూ మారనంతకాలం ఖాళీ అయిన కలుగులోకి పక్క పొద నుంచి మరో జంట వచ్చి చేరుతుంది.

ఆడ చిట్టెలుక 19 నుంచి 21 రోజులు మోసి, ఈతకు 5 నుంచి 8 పిల్లల్ని పెడుతుంది. పిల్లలు మూడు వారాలకు పాలు మానేస్తాయి, ఆరు నుంచి ఎనిమిది వారాలకల్లా తామే ఈతకు వస్తాయి. తిండి పుష్కలంగా ఉంటే ఏడాదికి 5 నుంచి 10 ఈతలు. ఇంత వేగంగా పెరిగేవి భూమిని నింపేయకపోవడానికి కారణం, బయట బతికే చిట్టెలుకల్లో ఎక్కువ భాగం ఏడాది నిండకుండానే పోవడం. గుడ్లగూబలు, పాములు, ముంగిసలు, చలి, వరద, ఆకలి కలిసి ఆ పని చేస్తున్నాయి. తోటమాలి చేయవలసిందల్లా వాటి పనికి అడ్డుపడకుండా ఉండటం, తన వంతుగా తిండిని మూతవేయడం, చాటును ఇంటి గోడకు దూరంగా జరపడం. తోటలో వాటిని బతకనిచ్చి, ఇంట్లోకి రానివ్వకపోవడమే ఇక్కడ చెప్పే పద్ధతి.

తిరుగుతున్నది ఏది?

ముందు జంతువును గుర్తించకపోతే తర్వాతి పనులన్నీ దారి తప్పుతాయి. చుంచెలుక అనే మాటను కొన్ని ప్రాంతాల్లో చిన్న ఎలుకకు వాడితే, మరికొన్ని చోట్ల కోసుమూతి, చిన్న కళ్లు, ఘాటైన వాసన ఉన్న వేరే జీవికి వాడతారు. ఈ రెండోది అసలు ఎలుక జాతే కాదు. పురుగులు, బొద్దింకలు, వానపాములు తిని బతుకుతుంది. విత్తనాలు తవ్వదు, బెరడు కొరకదు. ఎలుకనుకుని దాన్ని చంపితే పురుగుల్ని తినేదాన్ని పోగొట్టుకున్నట్టే.

చిట్టెలుక బరువు 12 నుంచి 30 గ్రాములు, తోక కాకుండా పొడవు 7 నుంచి 10 సెంటీమీటర్లు. దాని పెంటికలు 3 నుంచి 6 మిల్లీమీటర్లుండి కొసలు సన్నగా ఉంటాయి. పెద్ద ఎలుకవైతే 12 నుంచి 18 మిల్లీమీటర్లు. ఒక కొసన తెల్లటి చుక్క అంటుకుని ఉంటే అది ఎలుకది కాదు, బల్లిది. ఈ తేడా తెలియక ఇల్లంతా బోనులు పెట్టేవాళ్లు ఉన్నారు. చిట్టెలుక కలుగు వెడల్పు 2, 3 సెంటీమీటర్లు మాత్రమే. 6 నుంచి 9 సెంటీమీటర్లుంటే పెద్ద ఎలుక. కలుగు వాకిట్లో తోడిపోసిన మట్టి కుప్ప ఉంటే పందికొక్కుగా అనుమానించాలి. ఇంగ్లిష్ వాళ్లు వాడే బాండికూట్ అనే మాట పుట్టింది ఈ తెలుగు పేరులోంచే. పందికొక్కు తవ్వకం గట్లనూ పునాదులనూ గుల్ల చేస్తుంది, ధాన్యం గుంజుకుపోయి దాచుకుంటుంది. దానితో ఇక్కడ చెప్పే సర్దుబాటు కుదరదు.

కలుగులో ఇప్పుడు ఏదైనా ఉంటున్నదా లేదా తెలుసుకోవడం తేలిక. సాయంత్రం ప్రతి కన్నంలో ఒక ఎండుటాకును ఉండలా నలిపి వదులుగా కుక్కాలి. తెల్లారేసరికి ఆకు బయటికి తోసేసి ఉంటే రాకపోకలు ఉన్నట్టు. రెండు రాత్రులు కదలకపోతే అది పాత కలుగు. పది కన్నాలున్నా అన్నిటిలోనూ కాపురం ఉండదు. రెండు మూడింట్లోనే ఉండవచ్చు.

అవి చేసే పని

చిట్టెలుక రోజుకు తినేది 3, 4 గ్రాములు. దాన్నీ ఒకచోట కూర్చుని తినదు. రాత్రంతా ఇరవై ముప్పై చోట్ల కొంచెం కొంచెం కొరుకుతుంది. ఆ తిండిలో కలుపు గింజలు, మట్టిలోని పురుగు గూళ్లు, పెంకు పురుగుల పిల్లలు కూడా ఉంటాయి. అడవి ఎలుకలు చెట్ల గింజల్ని తీసుకెళ్లి అక్కడక్కడ పాతిపెట్టి మరిచిపోతాయి. అలా మిగిలినవి మొలుస్తాయి. వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాల బీజాలు వాటి మలం ద్వారా కొత్త చోట్లకు చేరతాయి. ఎలుక వదిలేసిన కలుగుల్లో బంబుల్ తేనెటీగల రాణులు గూడు కడతాయి. అలాగని ఈ బంధం అంతా స్నేహమే కాదు. అవే ఎలుకలు ఆ తేనెటీగల గూళ్లను తవ్వి పాడుచేస్తాయని, అందుకే పిల్లులు ఎక్కువగా ఉండే ఊళ్ల దగ్గర గూళ్లు ఎక్కువ కనిపిస్తాయన్న పరిశీలనను చార్లెస్ డార్విన్ 1859లోనే ప్రస్తావించాడు. తోటలో ఏ జీవినీ పూర్తిగా మంచిది, పూర్తిగా చెడ్డది అని విడదీయలేం. అన్నిటికన్నా ముఖ్యంగా, గుడ్లగూబ తోటకు రావాలంటే దానికి రాత్రికి మూడు నాలుగు ఎలుకలైనా దొరకాలి. ఒక్కటీ లేని తోటలో గుడ్లగూబ నిలవదు, అది లేని తోటలోకి ఎలుకలు మళ్లీ చేరితే ఆపేవాళ్లు ఉండరు.

విత్తనం దగ్గరే అసలు తగాదా

బఠానీ, చిక్కుడు, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, గుమ్మడి, వేరుశనగ. ఈ పెద్ద గింజలే ఎక్కువగా పోతాయి. చిన్న గింజల ఆకుకూరల మడుల్ని చిట్టెలుకలు పెద్దగా పట్టించుకోవు. మట్టిలోని గింజను అవి కంటితో కాదు, ముక్కుతో పట్టుకుంటాయి. నీరు పీల్చిన గింజ ఎండు గింజ కన్నా ఎక్కువ వాసన వేస్తుంది. అందుకే విత్తనం నానబెట్టి నాటి, పైన నీళ్లు పోసిన రాత్రే దోపిడీ జరుగుతుంది. తవ్వి వదులు చేసిన మట్టి కూడా వాటికి దారి చూపిస్తుంది.

దీనికి నమ్మకమైన మార్గం విత్తనాన్ని మడిలో అసలు పెట్టకపోవడమే. ట్రేలో మొలిపించి, మొలకతో వచ్చే మొదటి జత ఆకులు కాక, మరో రెండు నిజమైన ఆకులు వచ్చాక నారు నాటాలి. అప్పటికి గింజలోని పిండి పదార్థం చాలామటుకు మొక్కలోకి వెళ్లిపోయి ఉంటుంది. తవ్వినా వాటికి దక్కేది తక్కువ. ట్రేలను నేలమీద పెడితే మాత్రం ఏ లాభమూ లేదు. నున్నటి ఇనుప కాళ్లున్న బల్ల మీద, గోడకు కనీసం 40 సెంటీమీటర్ల ఎడంగా ఉంచాలి. చిట్టెలుక 30 సెంటీమీటర్ల దాకా ఎగరగలదు, గరుకు గోడను సునాయాసంగా ఎక్కుతుంది. బల్లను తాకుతున్న ఒక్క కొమ్మ, వేలాడుతున్న ఒక్క గోనెపట్టా చాలు, దానికి నిచ్చెన అవుతుంది.

నేరుగా విత్తక తప్పని పంటలకు మడి మీద ఇనుప జాలీ మూత వేయాలి. జాలీ కన్ను 6 మిల్లీమీటర్లకు మించకూడదు. కోళ్ల కంచెకు వాడే జాలీ పనికిరాదు. 25 మిల్లీమీటర్ల కన్నులోంచి పెద్దవే దూరిపోతాయి, 12 మిల్లీమీటర్ల దానిలోంచి కూడా చిట్టెలుకలు దూరతాయి. ప్లాస్టిక్ వల అయితే ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. జింకు పూత ఉన్న ఇనుప జాలీని మడి కన్నా అన్ని వైపులా 20 సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించి, అంచుల్ని కిందికి మడిచి మట్టిలోకి దింపాలి. పైన 5 సెంటీమీటర్ల ఖాళీ ఉంచాలి. చాలామంది ఇక్కడ చేసే తప్పు జాలీని సమయానికి తీయకపోవడం. మొలకల కొసలు కన్నుల్లోంచి పైకి వచ్చాక జాలీ ఎత్తితే తలలు తెగిపోతాయి. కొస జాలీని తాకడానికి ఒకటి రెండు రోజుల ముందే తీసేయాలి.

కొత్తగా ఎత్తు మడి కడుతుంటే మట్టి పోయకముందే అడుగున ఇదే జాలీ పరిచి, పక్క పలకల మీదికి 10 సెంటీమీటర్లు పైకి మడిచి మేకులు కొట్టాలి. మట్టి పోశాక ఇక చేయగలిగింది ఏమీ ఉండదు. గింజలకు కారంపొడి పట్టించడం వల్ల కొంత ప్రయోజనం ఉంది. ఆ మంట ఎలుకలకు తెలుస్తుంది, పక్షులకు తెలియదు. కానీ ఒక్క తడికే కొట్టుకుపోయే రక్షణ అది.

పండ్ల మొక్కల్లో నష్టం వేరే రకం, చాలా ఆలస్యంగా బయటపడేది. చెట్టు మొదలు చుట్టూ కప్పిన గడ్డీ ఆకులూ కాండాన్ని ఆనుకుని ఉంటే, ఆ చాటున ఎలుక కూర్చుని బెరడు కొరుకుతుంది. బెరడు చుట్టూ వలయంలా పోతే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగదు. వేళ్ల నుంచి నీరు మాత్రం లోపలి కలప గుండా పైకి పోతూనే ఉంటుంది కాబట్టి చెట్టు చాలాకాలం పచ్చగానే కనిపించి, వేళ్లు ఆకలితో చచ్చాక ఒక్కసారిగా వాడిపోతుంది. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. కప్పడాన్ని కాండానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఆపేయాలి. లేత మొక్క చుట్టూ 45 సెంటీమీటర్ల ఎత్తున జాలీ గొట్టం పెట్టి, అడుగును 5 నుంచి 8 సెంటీమీటర్లు మట్టిలో పాతాలి. గొట్టానికీ బెరడుకూ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. కాండం లావెక్కి జాలీ లోపలికి దిగబడకుండా ఏడాదికి రెండుసార్లు చూసి వదులు చేయాలి.

తెలియకుండా పెడుతున్న తిండి

పక్షులకని పళ్లెంలో రోజూ 100 గ్రాముల గింజలు పోసి, సగానికి సగం కింద రాలనిస్తే పన్నెండు చిట్టెలుకలకు రోజూ పూర్తి భోజనం పెట్టినట్టు. పక్షులకు పెట్టడం మానక్కర్లేదు. పొద్దున పోసింది సాయంత్రానికి అయిపోయేంతే పోయాలి, చీకటి పడకముందు కింద రాలినవి ఊడ్చేయాలి. గింజల సంచిని గట్టి మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టాలి. ప్లాస్టిక్ డబ్బా అంచు కొరికే దాకానే ఆగుతుంది. కోళ్ల గూడుకీ ఇదే నియమం. దాణా తొట్టిని రాత్రంతా లోపల వదిలేస్తే ఎలుకలే కాదు, వాటి వెనక పాములూ వస్తాయి. పాము వచ్చిందని భయపడేవాళ్లు ముందు దాణా తొట్టిని చూడాలి.

కంపోస్టు కుప్ప సంగతి కొంచెం తిరకాసుగా ఉంటుంది. వండిన అన్నం, రొట్టె, మాంసం, పాల పదార్థాలు వేయకపోతే సగం ఆకర్షణ పోతుందన్నది అందరికీ తెలిసిందే. కానీ వంటింటి వ్యర్థం ఒక్క ముక్క లేని కుప్పలోనూ గూళ్లు కనిపిస్తాయి. కారణం తిండి కాదు, పొడిదనం. వర్షం తగలని, నెలల తరబడి కదపని, ఎండుటాకుల కుప్ప కన్నా వెచ్చని గది వాటికి ఇంకొకటి దొరకదు. వారానికోసారి తిరగేసి, గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ ఉంచితే అక్కడ గూడు కట్టవు. సరిగ్గా మగ్గుతున్న కుప్ప నడిమధ్య వేడి 55 నుంచి 65 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడిలో ఏ పిల్లలూ బతకవు. అంటే మంచి కంపోస్టుకూ ఎలుక లేని కంపోస్టుకూ కావలసిన పని ఒకటే. తొట్టి అడుగున 6 మిల్లీమీటర్ల జాలీ పరిస్తే వానపాములు వస్తూ పోతూ ఉంటాయి, ఎలుకలు రావు.

గోడ దగ్గర గీత

చిట్టెలుకలు బయలును దాటడానికి భయపడతాయి. ఏదో ఒక అంచును ఒరుసుకుంటూ, గోడ వెంటో పొద వెంటో పరుగెడతాయి. వెన్నెల రాత్రుల్లో అడవి ఎలుకల తిరుగుడు తగ్గుతుంది కూడా, గుడ్లగూబకు కనిపిస్తామన్న భయంతో. ఈ భయాన్నే కంచెగా వాడుకోవచ్చు. ఇంటి గోడ చుట్టూ 60 సెంటీమీటర్ల వెడల్పున ఏ మొక్కా లేకుండా కంకర పరిస్తే, అది దాటడం వాటికి పెద్ద సాహసం. గోడకు ఆనించిన కట్టెలు, పాత కుండీలు, పాదులు ఆ సాహసాన్ని అనవసరం చేస్తాయి.

కన్నాలు వెతికేటప్పుడు చేతిలో ఒక పెన్సిల్ ఉంటే చాలు. పెన్సిల్ దూరే సందులోంచి చిట్టెలుక దూరుతుందని లెక్క. 6 మిల్లీమీటర్లు దాటిన సందు దానికి సరిపోతుంది. నీటి గొట్టాలు, కరెంటు తీగలు గోడలోకి వెళ్లే చోట్లు, తలుపు కింది ఖాళీ, పెంకులకూ గోడకూ మధ్య సందు ముందు చూడాలి. నురుగు ఫోమ్ ఒక్కదానితో మూస్తే కొరికి పారేస్తాయి. రాగి జాలీని గట్టిగా కుక్కి పైన సిమెంటు పూయడం చాలాకాలం నిలుస్తుంది. ఉక్కు పీచూ పనిచేస్తుంది గానీ తడికి తుప్పు పట్టి రాలిపోతుంది. ఈ పని పొలాలు కోతకు రాకముందు, వర్షాలూ చలీ మొదలవకముందు అయిపోవాలి. కలుగులు మునిగినప్పుడు, పొలం ఖాళీ అయినప్పుడు, రాత్రులు చల్లబడినప్పుడు అవి గుంపులుగా ఇళ్ల వైపు కదులుతాయి.

అయినా లోపలికి వస్తే, ఇంటి లోపల సర్దుబాటు అవసరం లేదు. స్ప్రింగు బోను త్వరగా చంపుతుంది, వెనక విషం మిగల్చదు. ఎర పెట్టే కొస గోడను తాకేలా, గోడకు అడ్డంగా పెట్టాలి. రెండు మూడు మీటర్లకొకటి చొప్పున. ఎర శనగగింజంత చాలు. ఎక్కువ పెడితే అంచులు నాకి వెళ్లిపోతుంది. పెద్ద ఎలుక కొత్త వస్తువును చూసి రోజుల తరబడి అనుమానిస్తుంది గానీ చిట్టెలుకకు కుతూహలం ఎక్కువ. అందుకని మొదటి రెండు మూడు రాత్రుల్లో ఏదీ పడకపోతే బోను చోటు మార్చాలి.

ప్రాణంతో పట్టే బోను వాడేవాళ్లు పొద్దునా సాయంత్రం తప్పకుండా చూడాలి. లోపల కాస్త ఎండుగడ్డి, ఒక క్యారెట్ ముక్క వేయకపోతే చలికీ దాహానికీ అందులోనే చనిపోతుంది, అది స్ప్రింగు దెబ్బ కన్నా క్రూరం. పట్టినదాన్ని దయతో కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి వదలడం నిజానికి దయ కాదు. కలుగు ఎక్కడో, చాటు ఎక్కడో తెలియని చోట అది ఎక్కువకాలం బతకదు. తల్లి ఎలుక అయితే ఇక్కడ పిల్లలూ పోతాయి. ముందు కన్నం మూసి, తర్వాత అదే తోటలో బయట వదలాలి. కన్నం మూయకుండా వదిలితే మీకన్నా ముందే ఇంట్లోకి చేరుతుంది.

మందు ఎందుకు వద్దంటున్నాం

రక్తం గడ్డకట్టనివ్వని మందుల్లో మొదటిది వార్ఫరిన్. ఎలుకల మందుగా అది 1948లో వచ్చింది. పదేళ్లకే, 1958లో, దానికి లొంగని ఎలుకలు స్కాట్లాండ్‌లో బయటపడ్డాయి. దాంతో బ్రోమడియోలోన్, బ్రోడిఫాకం లాంటి బలమైనవి వచ్చాయి. ఇవి ఒక్కసారి తిన్నా చంపుతాయి, కానీ వెంటనే కాదు. కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఎలుక మందగించి, పట్టపగలే బయట తూలుతూ తిరుగుతుంది. వేటాడే జీవికి అంతకన్నా తేలికైన ఎర ఉండదు. తిన్న గుడ్లగూబ కాలేయంలో ఆ విషం నెలల తరబడి నిలిచి, ఎలుక తర్వాత ఎలుకతో పోగుపడుతుంది. ఎలుక ఏడాదికి 5 నుంచి 10 ఈతలు ఈనుతుంది, వాటిని తినే గుడ్లగూబ మాత్రం సాధారణంగా ఒకటి రెండు విడతల పిల్లల్నే పెంచుతుంది. రెండింటినీ ఒకేసారి చంపితే ముందు తిరిగి వచ్చేది ఎలుకే. మందు పెట్టిన తోటలో ఎలుకలు కొన్నాళ్లకు మునుపటికన్నా ఎక్కువగా కనిపించడం వెనక ఉన్నది ఇదే.

జింక్ ఫాస్ఫైడ్ మరీ ప్రమాదం. కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువు అవుతుంది, దానికి విరుగుడు లేదు. పిల్లలో పెంపుడు జంతువులో పొరపాటున ఏ ఎలుకల మందు తిన్నా, ఆ పొట్లాన్ని కూడా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం గడ్డకట్టనివ్వని మందులకు విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది కాబట్టి ఏది తిన్నారన్నది వైద్యులకు తెలియడం కీలకం. జిగురు అట్టలు తోటలో పెడితే బల్లులు, పిట్టలు, పాము పిల్లలు కూడా వాటికి అంటుకుని గంటల తరబడి కొట్టుకుని చనిపోతాయి. ఎవరికీ అవసరం లేని హింస అది. పుదీనా నూనె వాసన రోజుల్లో ఎగిరిపోతుంది. మనకు వినబడని శబ్దంతో తరిమేస్తామనే యంత్రాల శబ్దం వస్తువుల్ని దాటదు, ఎలుకలు త్వరగా అలవాటు పడతాయి. అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ 2001లో అలాంటివి తయారుచేసే, అమ్మే 60కి పైగా సంస్థలకు శాస్త్రీయ ఆధారం చూపాలని హెచ్చరిక లేఖలు పంపింది.

జబ్బుల జాగ్రత్త

కలిసి బతకడమంటే అజాగ్రత్తగా ఉండటం కాదు. ఎలుకల మూత్రంతో తడిసిన మట్టి, నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం చర్మం మీది గాట్ల ద్వారా సోకుతుంది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని ఎలుకల మీద బతికే నల్లుల్లాంటి సూక్ష్మ పురుగుల పిల్లలు గడ్డి పొదల్లో అంటిస్తాయి. తడి మట్టిలో పనిచేసేటప్పుడు చేతి తొడుగులు, మూసిన చెప్పులు, పొడవు చేతుల చొక్కా వేసుకోవాలి. ఎలుక కొరికిన పండును కోసి తినకుండా మొత్తం పారేయాలి. తోట పని తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే వైద్యుడికి ఆ విషయం చెప్పాలి. చర్మం మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కట్టిన మచ్చ ఉంటే అదీ చూపించాలి.

పాకలో పెంటికలు కనిపిస్తే చీపురు ముట్టుకోవద్దు. దుమ్ముతో పాటు క్రిములు ముక్కులోకి వెళతాయి. తలుపులు తెరిచి అరగంట గాలి ఆడనిచ్చి, ఒక వంతు బ్లీచింగ్ ద్రవానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి బాగా తడిపి, ఐదు నిమిషాలు ఆగి, తొడుగులతో కాగితంతో తీసేయాలి. బ్లీచ్‌లో మరే శుభ్రపరిచే ద్రవమూ కలపకూడదు.

గూడు బయటపడితే

కట్టెల కుప్ప కదిపినప్పుడు ఎండుగడ్డి ఉండలో రోమాలు లేని గులాబీ రంగు పిల్లలు కనిపించడం మామూలే. కుప్ప తోట మూలన ఉంటే, తీసిన కట్టెల్ని అలాగే తిరిగి కప్పేసి వెళ్లిపోవాలి. తల్లి ఆ రాత్రే పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని వేరే చోటికి మార్చుకోవచ్చు. అక్కడే ఉంచినా, పిల్లలకు రెండు వారాలకు కళ్లు తెరుచుకుంటాయి, మూడు వారాలకు సొంతంగా తిరుగుతాయి. అంతవరకు ఆగి, ఆ తర్వాత పొడిగా ఉన్న ఒక సాయంత్రం కుప్పను ఇంటి వైపు నుంచి మొదలుపెట్టి విప్పుకుంటూ పోవాలి. అప్పుడు బయటపడ్డ ఎలుకలు పొద వైపు పరుగెడతాయి, గోడ వైపు కాదు.